కొడవలి పదును కొలిమిలోనే వున్నది



ఈ పూట ఎరువుల సంగతీ, పురుగుమందుల సంగతీ పక్కన పెట్టి, మన చేతిలో వుండే ఒక చిన్న పనిముట్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది కొడవలి. దానితోపాటు వంటింటి కత్తి, చెరకు నరికే కత్తి, గొడ్డలి కూడా ఈ మాటల్లోకి వస్తాయి. వరికోత యంత్రాలు వచ్చిన తర్వాత ఇంకా కొడవలి ముచ్చట ఎందుకయ్యా అని ఎవరైనా అడగవచ్చు. యంత్రం దిగబడే మడి వున్నది, గాలివానకు పడిపోయిన చేను వున్నది, గట్టు మీద గడ్డి వున్నది, జొన్నచొప్ప వున్నది, రోజూ పశువుకు వేయవలసిన పచ్చిమేత వున్నది. ఇవన్నీ కొడవలి పనులే. చిన్నకారు రైతు ఇంట కొడవలి వాడని రోజు వుండదు.

ఒకే ఊళ్ళో, ఒకే కొలిమిలో, ఒకే లారీ కమానుపట్టీ ముక్కలతో మూడు కొడవళ్ళు చేయించారనుకోండి. ఒకటి పంటకాలమంతా కోస్తుంది. రెండవది పూట తిరగకుండానే మొద్దుబారుతుంది. మూడవది గడ్డిదుబ్బులో రాయి తగలగానే పెళుక్కున పెచ్చు లేచిపోతుంది. ఇనుము ఒక్కటే, చేసిన చెయ్యీ ఒక్కటే; మరి ఈ తేడా ఎందుకు వచ్చింది? “ఇనుములో పసలేదు” అని మనం తీర్పు చెప్పేస్తాం. చాలాసార్లు తప్పు ఇనుములో వుండదు, దాన్ని కాల్చడంలో, చల్లార్చడంలో వుంటుంది.

మొద్దు కొడవలి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో కూడా ఆలోచించండి. కోతకు వంగిన మనిషి మణికట్టు చెల్లిస్తుంది. మొద్దుబారిన అంచు కంకిని తెగ్గోయదు, లాగుతుంది. లాగినప్పుడు గింజ రాలుతుంది. బలంగా లాగిన కొడవలి జారితే ఎడమచేతి చిటికెనవేలు తెగుతుంది. పదునైన కొడవలి కంటే మొద్దు కొడవలే ఎక్కువ వేళ్ళు కోస్తుందని కోతకు వెళ్ళేవాళ్ళను ఎవరిని అడిగినా చెబుతారు.

మన భాషలో ఒక చక్కని మాట వున్నది: పదును. వాన పడి, నీరు ఇంకి, అడుగు మోపితే అంటుకోకుండా, నాగలి వేస్తే పెళ్ళలు లేవకుండా వుండే స్థితిని నేల పదును అంటాం. అంతకు ముందు దున్నితే బురద, దాటిన తర్వాత దున్నితే రాయి. అదే మాటను ఇనుముకూ వాడతాం. కత్తి అంచు నూరుకోవడమే పదును అని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు గానీ, ఇనుమును కాల్చి, ముంచి, తగినంత గట్టిదనానికి తేవడాన్ని కూడా పదును పెట్టడమనే మన పెద్దలు అన్నారు. ఆ పదును కూడా నేల పదును లాంటిదే. దానికీ ఒక అదను వున్నది. ముందుకు పోయినా నష్టమే, వెనక్కు పోయినా నష్టమే.

ముందు ఇనుము సంగతి కొంచెం చూద్దాం. ఇనుమూ ఉక్కూ ఒక జాతివే. తేడా అంతా అందులో కలిసి వుండే బొగ్గు పదార్థంలో, అనగా కార్బనులో వున్నది. ఇళ్ళకు వాడే కడ్డీలో సాధారణంగా నూటికి పావుపాలు ప్రాంతంలోనే కార్బను వుంటుంది. లారీ కమానుపట్టీలో అర పాలు మొదలు 0.6 వరకు వుంటుంది. ఆకురాయిలో ఒక పాలుకు పైనే వుంటుంది. కార్బను చాలని ఇనుమును ఎంత కాల్చి ఎన్నిసార్లు నీళ్ళలో ముంచినా అది గట్టిపడదు. అందుచేత ఇంటి కడ్డీతో కొడవలి చేయించుకోవడమంటే డబ్బు పారవేసుకోవడమే. “కడ్డీ పైపొర గట్టిగానే వుంటుంది గదండీ” అంటారు కొందరు. నిజమే, కర్మాగారంలో నీళ్ళు చిమ్మి ఆ పొరను గట్టిపరుస్తారు. కాని కొలిమిలో ఎర్రగా కాలగానే ఆ గట్టిదనం పోతుంది, మళ్ళీ రాదు.

ఇనుమును గుర్తుపట్టడానికి సులువైన ఉపాయం సాన చక్రం. ముక్కను చక్రానికి ఆనించి నిప్పురవ్వలు చూడండి. మెత్తని ఇనుము రవ్వలు పొడవుగా, గీతల్లాగా పోతాయి. ఉక్కు రవ్వలు చివరన చిట్లి కాకరపువ్వొత్తి మాదిరి పూస్తాయి. పూత ఎంత దట్టంగా వుంటే కార్బను అంత ఎక్కువ. పాత కమానుపట్టీ కొనేటప్పుడు ఒక జాగ్రత్త: అది ఏళ్ళ తరబడి లారీ కింద వంగి లేచినది. బోల్టు రంధ్రం చుట్టుపక్కల కంటికి కనపడని పగుళ్ళు వుండవచ్చు. ఆ భాగం వదిలి మిగతాది తీసుకోవాలి. జింకు పూత వేసిన గొట్టాలూ రేకులూ మాత్రం కొలిమిలో పెట్టనీయకండి. ఆ పొగ పీల్చిన కమ్మరికి జ్వరం వస్తుంది.

ఇక కొలిమి దగ్గరకు వద్దాం. కొలిమిని ఎప్పుడూ చెట్టునీడనో పాక కిందనో పెడతారు. ఎండకు ఓర్వలేక అలా పెట్టారనుకోకండి. ఎండలో ఇనుము రంగు కనపడదు. నీడలో నారింజ రంగుగా కనిపించే ముక్క ఎండలో నల్లగా వున్నట్లే తోస్తుంది. కమ్మరికి రంగే ఉష్ణమాపకం. ముదురు ఎరుపు, చెర్రెరుపు, నారింజ, పసుపు, తెలుపు. ఈ క్రమంలో వేడి పెరుగుతుంది. కమానుపట్టీ లాంటి ఉక్కును సాగగొట్టడానికి నారింజ రంగు సరిపోతుంది. తెల్లబారి, ముక్క నుంచి చిటపట రవ్వలు ఎగిరితే ఉక్కు కాలిపోయినట్లే. అలా కాలిన భాగాన్ని ఏ మందూ బాగుచేయదు, నరికి పారవేయవలసిందే. అటువైపు, ముదురు ఎరుపుకు దిగిన తర్వాత కూడా సమ్మెట వేస్తుంటే లోపల పగుళ్ళు పుడతాయి. దెబ్బ ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టాలి. బొగ్గు ఆదా అవుతుందనో, తిత్తి కొట్టే మనిషి లేడనో ఇక్కడ తొందరపడేవారు చాలామంది వున్నారు.

ముక్కను కొలిమిలో పెట్టి మరచిపోవడం మరో పొరపాటు. గాలి జోరుగా కొడుతూ ఎక్కువసేపు కాలిస్తే పైపొరలోని కార్బను మండి పోతుంది, పొలుసులు రాలుతాయి. అంచు పలచనిది గనుక అక్కడే నష్టం ఎక్కువ. కొత్త కొడవలి మొదటి వారం సరిగా కోయకపోయి, రెండుసార్లు నూరిన తర్వాత బాగా కోస్తున్నదంటే కారణం ఇదే. కార్బను పోయిన పైపొర అరిగి, అసలు ఉక్కు బయటపడింది. అంచును చివరి రూపానికంటే కొంచెం మందంగా వుంచి, పదును పెట్టిన తర్వాత సానపట్టి పలచన చేయడం తెలిసినవారి పద్ధతి.

ఒక నమ్మకాన్ని గురించి చెప్పాలి. సమ్మెట దెబ్బ ఎంత ఎక్కువ పడితే ఉక్కు అంత బిగుస్తుందని, అందుకే చేతితో కొట్టిన కత్తికి సాటి లేదని అంటారు. దెబ్బకు ఉక్కు చిక్కబడదు. సమ్మెట చేసేది ఆకారం: వీపు మందంగా, అంచు పలచగా, ఉక్కు వృథా కాకుండా. ఆ లాభం తక్కువది కాదు. కాని రేకునుంచి యంత్రం మీద కోసిన కొడవలికి సరైన వేడి ఇచ్చి పదును పెడితే, అడ్డదిడ్డంగా కాల్చి చేత్తో కొట్టిన కొడవలి దాని ముందు నిలవదు. చేతిపని అన్నంత మాత్రాన కొనవద్దు, యంత్రం పని అన్నంత మాత్రాన తోసివేయవద్దు.

మరి వేడి ఉక్కు లోపల ఏం చేస్తుంది? దీన్ని మాటల్లో చెప్పేకంటే చేసి చూపడం మేలు. గ్రామాల్లో పనిచేసే విస్తరణ కార్యకర్తలు ఈ ప్రదర్శన పెట్టవచ్చు. ఖర్చు లేదు, ఒక పూట చాలు. జానెడు పొడవున్న సన్నని కమానుపట్టీ ముక్క తీసుకోండి. వేలు వెడల్పు ఎడంతో అడ్డంగా ఐదారు గాట్లు పెట్టించండి. ఒక కొస మాత్రమే కొలిమిలో వుండేట్లు కాల్చండి. ఆ కొస తెల్లబారినప్పుడు దాని వెనుక పసుపు, ఆ వెనుక నారింజ, ఎరుపు, చివరన నలుపు వుంటాయి. అలాగే తీసి నీళ్ళలో ముంచండి. చల్లారిన తర్వాత గుడ్డ చుట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క గాటు దగ్గర సుత్తితో విరవండి. తెల్లగా కాలిన చోట ముక్క పెళుసుగా విరిగి, లోపల బొంబాయి రవ్వలాగా మెరిసే ముతక గింజ కనిపిస్తుంది. నలుపు వైపు ముక్క అంత తేలికగా విరగదు, వంగుతుంది. అది గట్టిపడనే లేదు. నడుమ ఒక చోట, ఎరుపు దాటీ దాటని చోట, విరిగిన ముఖం సన్నని బూడిద రంగులో, పట్టుగుడ్డలాగా నున్నగా వుంటుంది. అక్కడి ఉక్కు గట్టిదే కాక బలమైనది కూడా. ఆ గాటు రంగు ఏదో గుర్తు పెట్టుకుంటే కొడవలి పదును ఎక్కడ వున్నదో తెలిసినట్లే.

ఒకసారి గింజ ముతకైతే కొడవలి చెడిపోయినట్లేనా? కాదు, కాలిపోకుండా వుంటే బాగుచేసుకోవచ్చు. సాగగొట్టడం పూర్తయిన తర్వాత కొడవలిని ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచకుండా నీడన గాలికి వదిలి నల్లబడనివ్వాలి. ఇలా మూడుసార్లు చేస్తే గింజ మళ్ళీ సన్నబడుతుంది, దెబ్బల వల్ల లోపల పట్టిన బిగువు కూడా సడలుతుంది. పది నిమిషాల పని. చాలా కొలుముల్లో చేయనిది ఇదే, కొడవళ్ళు వంకర తిరగడానికీ పగలడానికీ ఇదొక పెద్ద కారణం.

ఎంత ఎరుపు అనేది కంటికి అందకపోతే అయస్కాంతం సాయం తీసుకోండి. పాత స్పీకరులోని అయస్కాంతం ముక్కను తీగకు కట్టి కొలిమి పక్కన వేలాడదీయాలి. ఉక్కు సుమారు 770 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరగానే అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొక్క పిసరు వేడి చూపి ముంచాలి. ఏళ్ళ అనుభవం వున్న కమ్మరికి ఇది అక్కర్లేదు గాని, కొత్తగా పని నేర్చుకునే కుర్రవాడికి ఇంతకంటే మంచి గురువు దొరకడు.

ఇప్పుడు ముంచడం సంగతి. ఎర్రగా కాలినప్పుడు కార్బను ఉక్కులో ఉప్పు నీళ్ళలో కరిగినట్లు కలిసిపోయి వుంటుంది. మెల్లగా చల్లారితే విడివడి బయటకు వస్తుంది, ఉక్కు మెత్తబడుతుంది. ఒక్కసారిగా చల్లారిస్తే విడివడే వ్యవధి లేక లోపలే చిక్కుకుపోతుంది. ఆ బిగువే గట్టిదనం. నీళ్ళు వేడిని అతి వేగంగా లాగేస్తాయి. కమానుపట్టీ ఉక్కుకు అంత వేగం అవసరం లేదు, పలచని అంచు దానికి పగులుతుంది కూడా. గోరువెచ్చని నూనె దీనికి సరైనది. వేరుశనగ నూనె గాని, వాడిన వంటనూనె గాని పనికివస్తుంది. ఇంజను నుంచి తీసిన మురికి నూనె పొగ కమ్మరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, వద్దు. నూనె లోతైన ఇనుప డబ్బాలో వుండాలి, పక్కనే దానికి సరిపడే మూత వుండాలి. మంట లేస్తే మూత పెట్టండి. నీళ్ళు మాత్రం పోయకండి. కొడవలిని వెడల్పుగా పడుకోబెట్టి ముంచితే వంగిపోతుంది. అంచు ముందు దిగేట్లు నిలువుగా ముంచి, ముందుకూ వెనక్కూ కదపాలి, పక్కలకు కాదు.

ముంచి తీసిన కొడవలి గాజులాంటిది. దాన్ని అలాగే పొలానికి పంపితే మొదటి రాయికే పెచ్చు లేస్తుంది. తిరిగి కొద్దిగా వేడి చూపి ఆ పెళుసుదనాన్ని తగ్గించాలి. అదీ ఆ గంటలోనే చేయాలి. రేపు చూద్దామని పెడితే తెల్లవారేసరికి దానంతటది పగిలిన సందర్భాలు వున్నాయి. అంచును రాతితో రుద్ది మెరుపు తెచ్చి, వీపువైపు నుంచి మెల్లగా వేడి ఎక్కించండి. మెరుపు మీద రంగులు పాకుతూ వస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, సుమారు 220, 230 డిగ్రీలు. తర్వాత బెల్లం రంగు, 250 దాటినప్పుడు. ఆ మీదట వంకాయ రంగు, 280 ప్రాంతంలో. 300 దగ్గర నెమలికంఠం నీలం. వంటింటి కత్తికి ఎండుగడ్డి రంగు దగ్గర ఆపాలి. కల్లుగీత కత్తికీ అంతే. తాటి గెల కొసను ఆకుమందాన చెక్కే కత్తి అది, రాయి తగిలే భయం లేదు. కొడవలికి బెల్లం రంగు. చెరకు కత్తికీ, కొబ్బరికాయ కొట్టే కత్తికీ ఇంకొంచెం ముందుకు, వంకాయ రంగు అంచుకు పోవచ్చు. గొడ్డలి దెబ్బ తినేది గనుక వంకాయ దాటి నీలం తొలిఛాయ దాకా రానివ్వాలి.

మన పాత కమ్మరులు ఈ రెండు పనులనూ ఒక్క కాలుపులో ముగించేవారు. గొడ్డలి అంచును మాత్రమే ముంచి తీసి, రాతితో రుద్ది చూస్తూ వుంటే వెనకవున్న మందపు భాగంలోని వేడి తిరిగి అంచుకు పాకి రంగులు వస్తాయి. కోరిన రంగు రాగానే మొత్తం ముంచేస్తారు. పుస్తకం చదవకుండా పట్టిన ఈ విద్యకు దణ్ణం పెట్టవలసిందే. మందపు పనిముట్టుకు ఇది ఇప్పటికీ సరైన పద్ధతే. పలచని కొడవలిలో అంత వేడి నిలవదు గనుక దానికి విడిగా కాల్చుకోవడమే మేలు.

మన ప్రాంతంలో ఈ విద్య ఎంత దూరం పోయిందో ఒక్క మాట. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు వండేవారు. దానిని కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. 1820 ప్రాంతాల్లో వాయ్సీ అనే వైద్యుడు అక్కడి పని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ జాతి ఉక్కులో కార్బను ఒకటిన్నర పాలు ప్రాంతంలో వుండేది. తెల్లగా కాల్చి కొడితే ముక్కచెక్కలయ్యేది. తక్కువ ఎరుపులో ఓపికగా సాగదీసినవారికే లొంగేది. సరుకు ఎంత గొప్పదైతే వేడి విషయంలో అంత నియమం కావాలన్నమాట. ఆ కొలుములు ఇప్పుడు లేవు, ఆ ఉక్కుతో మనకు పనీ లేదు. కమానుపట్టీ చాలు.

కక్కు కొడవలిని గురించి చెప్పకపోతే కోత అక్కలు ఒప్పుకోరు. కక్కులు, అనగా పండ్లు, పదును పెట్టకముందే ఉలితో కొట్టాలి. పదును పెట్టామంటున్న కొడవలికి చల్లగా వుండగానే సునాయాసంగా కక్కులు పడుతున్నాయంటే అది గట్టిపడలేదని అర్థం. అరిగిన కొడవలికి కొత్తగా కక్కులు కొట్టించాలంటే ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి మెల్లగా చల్లార్చి మెత్తబరచాలి; కక్కులు కొట్టి, మళ్ళీ నూనెలో ముంచి, మళ్ళీ రంగు చూపాలి. కాల్చి కక్కు కొట్టి అలాగే చేతికి ఇస్తే ఆ కొడవలి రెండు రోజుల ముచ్చటే. నూరేటప్పుడు కక్కులున్న వైపు ముట్టకుండా నున్నని వైపే నూరండి.

సంతలో కొనేవారికి ఒక పరీక్ష. జేబులో చిన్న ఆకురాయి పెట్టుకుని వెళ్ళండి. అంచు మీద మెల్లగా లాగి చూడండి. సబ్బును గీసినట్లు దిగితే ఆ కత్తి పచ్చి ఇనుము. గాజు మీద జారినట్లు జారిపోతే మరీ పెళుసు. పట్టీ పట్టనట్లు, కొంచెం బలవంతాన పడితే అదీ సరైనది. ఒక్కచోట కాదు, మొన దగ్గర, నడుమ, పిడి దగ్గర మూడుచోట్లా చూడాలి. అమ్మేవాడు కోప్పడితే పక్క దుకాణానికి వెళ్ళండి.

మంచి కొడవలిని ఇంటికి తెచ్చి మనమే చెడగొట్టుకునే దారులు కూడా వున్నాయి. ఈ రోజుల్లో కరెంటు సాన మిషను ప్రతి ఊళ్ళో వున్నది. దాని మీద అంచును అదిమిపెట్టి రవ్వలు ఎగరగొడితే రెండు క్షణాల్లో అంచు నీలమవుతుంది. నీలమైందంటే 300 డిగ్రీలు తగిలిందన్నమాట. కమ్మరి బెల్లం రంగు దగ్గర ఆపిన పదును అక్కడికక్కడ పోయింది. మిషను తప్పకపోతే తేలికగా ఆనిస్తూ, మాటిమాటికీ నీళ్ళలో ముంచుతూ పట్టించండి. తడిపిన సానరాయి మీద చేత్తో నూరడమే అన్నిటికన్నా క్షేమం. పిడి మార్చేటప్పుడు, పాత లక్క కరగడానికని కొడవలిని పొయ్యిలో తోసేవారున్నారు. అలా చేయకండి. పిడిలోకి దిగే మొనను మాత్రం కాల్చి, అలుగుకు తడిగుడ్డ చుట్టి వుంచండి. పిడి నోటికి పొన్ను తొడిగిస్తే కర్ర చీలదు.

ఇక డబ్బు మాట. ఒకప్పుడు కమ్మరికి కళ్ళంలో మేర కొలిచి ఏడాది పొడుగునా పని చేయించుకున్నారు. ఇప్పుడు ముక్కకింత అని ఇస్తున్నాం, అదీ బేరమాడి. మూడుసార్లు కాల్చి చల్లార్చడానికీ, నూనె పెట్టడానికీ, రంగు చూపడానికీ బొగ్గు కావాలి, వేళ కావాలి. పది రూపాయలు తగ్గించమంటే కమ్మరి తగ్గించగలిగింది ఈ పనులనే, ఎందుకంటే అవి కంటికి కనపడవు. నలుగురు రైతులు కలిసి ఒక డబ్బా నూనె, ఒక అయస్కాంతం కొని కొలిమికి ఇప్పించి, “మామా, ఈసారి కొడవళ్ళకు గాలిలో మూడు కాలుపులు చూపించు, నూనెలో ముంచు, బెల్లం రంగు దగ్గర ఆపు, కూలి పైన ఇస్తాం” అని చెప్పి చూడండి. ఆ కొడవళ్ళలో ఒకదానికి గుర్తు పెట్టి, పాత పద్ధతిలో చేసిన మరొకదానితో పాటు ఒకే మడిలో ఇద్దరికిచ్చి, ఎవరు ఎన్నిసార్లు నూరుకోవడానికి గట్టెక్కారో లెక్కపెట్టండి.

కొలిమి పని కోతలకు నెల ముందే పెట్టుకోవాలి. కోతల వారంలో కొలిమి దగ్గర బారు తీరుతారు. అప్పుడు ఏ కమ్మరికైనా రంగు చూసే తీరిక వుండదు. సార్వా కోతలు దగ్గరపడుతున్నాయి గనుక, చూరులో దోపిన కొడవళ్ళు రేపే దించి, తుప్పు రుద్ది, ఆకురాయితో ఒకసారి గీసి చూసుకోండి.